అప్‌డేట్: గెన్‌హే వెళ్లొచ్చాను

చలికాలంలో చైనా ఉత్తర అడవుల్లో ఎవెంకీ తెగవాళ్లు పెంచే రెయిన్‌డీర్లు (చలిదేశాల జింకలు) కనిపిస్తాయా, ఆ చలిని తట్టుకోగలనా అని అడిగాను కదా. వెళ్లొచ్చాను, ఇన్నర్ మంగోలియాలోని గెన్‌హే పట్టణానికి, హైలార్ నగరం నుంచి రైల్లో. మైనస్ 38. జేబులోంచి తీసిన రెండు నిమిషాలకే ఫోన్ ఆగిపోయింది. లోపలి జేబులో పెట్టుకోమన్నవాళ్ల మాట వినాల్సింది.

అవోలుగుయా ఊరు గెన్‌హే పక్కనే. 2003లో ఎవెంకీలను అడవి నుంచి ఇక్కడికి తరలించారు. ఊళ్లో బొమ్మలమ్మే షాపులే ఎక్కువ, నాకైతే నిరాశే. మేత దొరికేది అడవిలో కాబట్టి మందలు ఇంకా అక్కడి శిబిరాల్లోనే ఉంటాయి. ఒకచోట పెద్దావిడ చేతికి బుట్ట ఇచ్చింది, నిండా తెల్లటి లైకెన్ (నాచు, శిలీంధ్రం కలిసి పెరిగేది). మనం బిర్యానీలో వేసే రాతిపువ్వూ లైకెనే! రెయిన్‌డీర్లకు తినిపిస్తుంటే అరచేతికి మెత్తటి పెదాలు తగిలాయి. అవి నడుస్తుంటే టిక్ టిక్‌మని చప్పుడు. పాదం లోపలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ఎముక మీద జారి అలా మోగుతుందట. ఆడవాటికీ కొమ్ములుంటాయని అక్కడే తెలిసింది.