ముందుగా షరతు పెట్టి ఉంచే మంత్రాలు: ప్రాణరక్షణ కాకుండా ఇంకేం చేయవచ్చు?

నీలిదీపం (ప్రశ్న)

మా బృందం 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట) ఆడుతోంది. నా విజార్డ్ (పుస్తకం ద్వారా మంత్రాలు నేర్చే మాంత్రికురాలి పాత్ర) పదకొండో లెవెల్‌కు చేరడంతో ఆరో లెవెల్ మంత్రాలు అందుబాటులోకి వచ్చాయి. మంత్రాల పుస్తకంలో నేను మొట్టమొదట రాసుకున్నది కాంటింజెన్సీ. ఐదో లెవెల్ లేదా అంతకన్నా తక్కువ లెవెల్ మంత్రాన్ని ఒక షరతుతో ముందే కట్టి ఉంచితే, ఆ షరతు నెరవేరిన క్షణంలో అది దానంతట అదే నా మీద పనిచేస్తుంది.

తోటి ఆటగాళ్లందరూ ఒకే సలహా ఇస్తున్నారు: హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) సున్నాకు పడిపోయినప్పుడు, క్షణంలో మరో చోటికి చేర్చే డైమెన్షన్ డోర్ మంత్రం పనిచేసేలా పెట్టుకోమని. అది ఉపయోగకరమే కావచ్చు గానీ, నా పాత్ర యుద్ధం కన్నా రాయబారాల్లోనూ పాత గ్రంథాల అన్వేషణలోనూ ఎక్కువ కాలం గడిపే మనిషి. పది రోజుల పాటు తనతో మోసుకు తిరిగే మంత్రం ఆమె స్వభావాన్ని కూడా చూపించాలని నా కోరిక. షరతులతో పనిచేసే ఇతర మంత్రాలను మీరు ఎలా వాడారో కూడా తెలియజేస్తే సంతోషిస్తాను.

ఆరోమెట్టు

ముందుగా మీ మిత్రుల సలహా గురించి ఒక మాట. సున్నా హిట్ పాయింట్ల వద్ద డైమెన్షన్ డోర్ పనిచేస్తే, మీ విజార్డ్ స్పృహ లేని స్థితిలో 500 అడుగుల దూరం వరకు వెళ్లి పడుతుంది; వైద్యం చేయగలిగిన వాళ్లేమో యుద్ధం జరుగుతున్న చోటే ఉండిపోతారు. ఒంటరిగా పడి ఉండి, మూడు డెత్ సేవ్‌లు (చావుబతుకులు తేల్చే పాచికల పరీక్షలు) విఫలమైతే ఆమెను కాపాడేవారు ఉండరు. ఇదే సందర్భానికి చాలామంది రెజిలియెంట్ స్ఫియర్‌ను (చుట్టూ రక్షణ గోళం ఏర్పరిచే మంత్రాన్ని) సూచిస్తారు, కానీ అది ఏకాగ్రత కోరే మంత్రం, అంటే వేసినవారు దాని మీద మనసు నిలిపినంత సేపే ఉంటుంది. స్పృహ తప్పగానే ఏకాగ్రత పోతుంది, దానితో పాటే గోళమూ పోతుంది. ఏకాగ్రత అవసరం లేకుండా చేసే వెసులుబాటు గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్‌కు (ఒక చోట గుర్తుగా గీసి, అందులో మరో మంత్రాన్ని దాచి ఉంచే మంత్రానికి) ఉంది గానీ కాంటింజెన్సీకి లేదు. అందువల్ల మీరు ఎంచుకునే మంత్రం ఏకాగ్రత అక్కరలేనిదైతే మేలు. అది ఒక యాక్షన్‌లో (తన వంతులో చేసే ప్రధాన చర్యలో) వేయగలిగినదై ఉండటం మాత్రం తప్పనిసరి. బోనస్ యాక్షన్ మంత్రమైన మిస్టీ స్టెప్, రియాక్షన్ మంత్రమైన ఫెదర్ ఫాల్ ఈ కారణంగానే పనికిరావు.

షరతును రాసేటప్పుడు నిజమైన శ్రద్ధ చూపాలి, ఎందుకంటే మీకు ఇష్టమున్నా లేకపోయినా, షరతు మొదటిసారి నెరవేరిన వెంటనే మంత్రం పనిచేసి ముగిసిపోతుంది. నీటిలో మునిగినప్పుడు వాటర్ బ్రీదింగ్ అనేది నియమాల పుస్తకమే ఇచ్చే ఉదాహరణ. కానీ ఏటిలో సరదాగా ఈదడానికి దిగినా అదే షరతు నెరవేరుతుంది కదా. ‘నేను స్పృహ కోల్పోయినప్పుడు’ అని రాస్తే, రాత్రి నిద్ర కూడా అందులోకి వస్తుందని డంజన్ మాస్టర్ (ఆట నడిపే వ్యక్తి) వాదించవచ్చు, ఆ వాదనను తప్పుపట్టలేము.

పాతపటం

రాయబారిగా తిరిగే విజార్డ్‌కు నేను డిస్పెల్ మ్యాజిక్‌ను (ఇతర మంత్రాలను తొలగించే మంత్రాన్ని) సూచిస్తాను. అది మూడో లెవెల్ మంత్రం, యాక్షన్‌లో వేయవచ్చు, ఏకాగ్రత అవసరం లేదు, తన మీద తానే వేసుకోవచ్చు. దానిని ఐదో లెవెల్ స్లాట్‌తో (స్లాట్ అంటే మంత్రం వేసినప్పుడు ఖర్చయ్యే శక్తి వాటా) కట్టి ఉంచితే ఐదో లెవెల్ వరకు ఉన్న మంత్రాలన్నీ పాచికల పరీక్ష లేకుండానే తొలగిపోతాయి. మనిషిని వశం చేసుకునే డామినేట్ పర్సన్ సరిగ్గా ఐదో లెవెల్ మంత్రం. ఎదుటి రాజు కొలువులో ఎవరో ఆమె మనసును వశం చేసుకుని, ఒప్పందం మీద సంతకం చేయమంటారు. ఆ క్షణంలోనే వశీకరణం విడిపోతుంది. అయినా ఆమె లోబడినట్టే నటిస్తూ అవతలివారి ఉద్దేశం మొత్తం వినవచ్చు. నాకు ఇంతకన్నా అందమైన ఉపయోగం తోచలేదు.

దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. అదే సమయంలో ఆమె మీద మేజ్ ఆర్మర్ (రక్షణ కవచ మంత్రం) ఉంటే అదీ తొలగిపోతుంది. వాంపైర్ చేసే వశీకరణం, అబోలెత్ అనే వింత జీవి చేసే దాస్యబంధం మంత్రాలు కావు కాబట్టి వాటి మీద డిస్పెల్ మ్యాజిక్ పనిచేయదు. కనుక ‘మరొకరు వేసిన మంత్రం నా చేతలను శాసించడం మొదలుపెట్టినప్పుడు’ అని రాయండి. ‘మంత్రం’ అన్న ఆ ఒక్క మాట లేకపోతే, వాంపైర్ ఎదురైన రోజున మీ రక్షణ వ్యర్థంగా ఖర్చయిపోతుంది.

షరతుగా ఒక మాటను పెట్టుకోవడం కూడా ఆలోచించదగినదే. ఎవరూ మామూలుగా పలకని ఒక పదాన్ని ఆమె ఉచ్చరించగానే సీమింగ్ ఆమె మీద పనిచేసి, ఎనిమిది గంటల పాటు రూపం మారిపోయేలా చేయవచ్చు. మాట పలకడానికి యాక్షన్ ఖర్చు కాదు, చేతులు కట్టివేసి ఉన్నా ఫరవాలేదు. అయితే కనీసం 1,500 బంగారు నాణేల విలువైన దంతపు ప్రతిమ కాంటింజెన్సీకి అవసరం, అది ఒంటి మీద లేకపోతే ఆ మంత్రం అక్కడితో ముగిసిపోతుంది కాబట్టి, ఖైదీగా పట్టుబడి సోదాలో ఆ ప్రతిమ పోగొట్టుకుంటే ఏమీ మిగలదు. దాన్ని ఎక్కడ దాచుకుంటుందో ఆట మొదలుకాక ముందే చెప్పి ఉంచండి.

రాతిగుమ్మం

నేను డంజన్ మాస్టర్‌గా ఎక్కువ కాలం ఆడించాను, కాబట్టి ఇతర మంత్రాల గురించి చెబుతాను. గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్‌ను అందరూ పేలే ఉచ్చుగానే చూస్తారు. అందులో భద్రపరిచిన మంత్రం ఏకాగ్రత కోరేదైనా పూర్తి గడువు వరకు నిలుస్తుంది, దాన్ని ప్రేరేపించిన వ్యక్తి మీదే పనిచేస్తుంది. కాబట్టి మీ స్థావరం గడపలో నాలుగో లెవెల్ స్లాట్‌తో గ్రేటర్ ఇన్విజిబిలిటీని (కంటికి కనిపించకుండా చేసే మంత్రాన్ని) ఉంచి, మీ బృందంలోని ఒకరు సంకేతపదం పలికి దాటినప్పుడే పనిచేయాలని షరతు పెడితే, అది దాడికి కాక ఆశ్రయానికి ఉపయోగపడుతుంది. ప్రతి గ్లిఫ్‌కూ 200 బంగారు నాణేల వజ్రపు పొడి ఖర్చవుతుంది, గ్లిఫ్ ఉన్న వస్తువును పది అడుగులకు మించి కదిలిస్తే అది చెడిపోతుంది. అందుచేత దీన్ని వెంట తీసుకుపోవాలన్న ఆశ వదులుకోవాలి.

నా మనసుకు అన్నింటికన్నా దగ్గరైనది మ్యాజిక్ మౌత్, అంటే షరతు నెరవేరినప్పుడు ఒక వస్తువు మీద నోరు ఏర్పడి ముందే చెప్పి ఉంచిన సందేశం పలికే మంత్రం. 25 పదాలకు మించని సందేశం, 30 అడుగుల లోపల కనిపించే లేదా వినిపించే షరతు, పది నాణేల జేడ్ (ఒక రకం పచ్చరాయి) పొడి ఉంటే చాలు, ఎవరైనా తొలగించే వరకు అది నిలిచి ఉంటుంది. ఒక నోటి మాట మరో నోటికి షరతు కావచ్చు. 30 అడుగులకు ఒకటి చొప్పున మైలు పొడవునా 176 నోళ్లు పెడితే 1,760 నాణేలు ఖర్చవుతాయి, రిచువల్‌గా (స్లాట్ ఖర్చు లేకుండా, ఎక్కువ సమయం తీసుకుని) వేస్తే సుమారు 32 గంటల పని. కానీ ప్రతి నోరూ ఒకే సందేశం పలకగలదు కాబట్టి అది ‘శత్రువు వచ్చాడు’ అన్న హెచ్చరికకు సరిపోతుంది గానీ సంభాషణకు కాదు.

నేను ఆడించిన ఒక కథలో, చనిపోయిన మంత్రగత్తె గోపురంలో ఒక రాతి ముఖం ఉండేది. ఆటగాళ్లు ఎన్ని విధాల ప్రయత్నించినా అది మౌనంగానే ఉండిపోయింది. చివరికి బృందంలోని హాఫ్‌లింగ్ (పొట్టి జాతి మనిషి) ఒంటరిగా, దీపం లేకుండా దాని ముందు నిలబడినప్పుడు, “భయపడకు, మెట్ల కింద తలుపు తీసే ఉంది” అని పలికింది. చీకట్లో ఒంటరిగా నిలిచిన చిన్నపాటి ఆకారం అన్నది ఆ మంత్రగత్తె పెట్టిన షరతు. ఆమెకొక బిడ్డ ఉండేదని నేను ఎక్కడా చెప్పలేదు, ఆటగాళ్లే గ్రహించి కాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. ఎవరికి ఏ భయం ఉందో, ఎవరి మీద ప్రేమ ఉందో షరతులోనే తెలిసిపోతుందని ఆ రోజు నాకు అర్థమైంది.

నీలిదీపం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐదో లెవెల్ స్లాట్‌తో డిస్పెల్ మ్యాజిక్‌నే ఎంచుకుంటున్నాను. రెండు స్లాట్లూ ఒకేసారి ఖర్చవుతాయి కాబట్టి ప్రయాణానికి ముందురోజు సాయంత్రం వేసి, రాత్రి విశ్రాంతితో వాటిని తిరిగి పొందుతాను. నా షరతు ఇలా రాసుకున్నాను: ‘మరొకరు వేసిన మంత్రం, నేను ఇచ్చిన మాటను తప్పేలా నన్ను నడిపించినప్పుడు.’ నా విజార్డ్ గురువు ఒకప్పుడు అలాగే వశమై, తన నగరపు ద్వారాలు తెరిచాడు. ఇది పాతపటం చెప్పిన షరతు కన్నా ఇరుకైనదని తెలుసు. మామూలు చార్మ్ పర్సన్‌కు (ఎదుటివారిని మచ్చిక చేసుకునే మంత్రానికి) ఇది కదలకపోవచ్చు. అయినా ఆమె ఇలాగే రాస్తుంది. ‘ఇచ్చిన మాట’ అంటే పైకి పలికిన వాగ్దానం మాత్రమేనా, మనసులో అనుకున్నదీ లెక్కలోకి వస్తుందా అన్నది వచ్చే ఆటకు ముందే మా డంజన్ మాస్టర్‌ను అడిగి, కాగితం మీద రాయించుకుంటాను.