అప్‌డేట్: 21వ వారం దాటినా బిడ్డ కదలిక తెలియడం లేదని అడిగాను కదా

తొలి కాన్పు, కడుపులో కదలికే తెలియడం లేదని భయపడుతూ అడిగాను. ధైర్యం చెప్పిన అక్కలందరికీ థాంక్స్. "టిఫా (బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్) రిపోర్టులో మాయ (బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) ఎక్కడుందో చూడమ్మా" అన్న అక్క మాటే నిజమైంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా డాక్టరమ్మ చూసి, మాయ గర్భసంచి ముందు గోడకు ఉందన్నారు. మధ్యలో దిండు అడ్డుపెట్టినట్టే, చిన్న చిన్న తన్నులు పైకి తెలియవట. గుండె చప్పుడు, ఎదుగుదల వారాలకు తగ్గట్టే ఉన్నాయి.

ఇప్పుడు రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే పొత్తికడుపు పక్కల్లో చక్కగా తెలుస్తోంది, ఎంత సంతోషమో!

ఇదే సమస్యతో వెతికేవాళ్లకి: 24 వారాలకీ కదలిక తెలియకపోతే డాక్టరుకు చూపించుకోండి. తెలిసిన కదలికలు తగ్గితే మాత్రం, మాయ ముందుంది కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.