35 ఏళ్ళకి ప్రాక్టికల్ నర్సింగ్‌లో చేరొచ్చా? (ఒంటారియో)

ఖమ్మం_టు_బ్రాంప్టన్:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం, కెనడాకి పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద వచ్చి నాలుగేళ్ళయింది, బ్రాంప్టన్‌లో ఉంటాం. నాకు 35, ఇద్దరు పిల్లలు, చిన్నవాడు ఈ సెప్టెంబర్‌లో కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. ఇంటర్ సీఈసీ, తర్వాత బీకాం, అక్కడ రెండేళ్ళు ఒక ఆడిటర్ గారి దగ్గర చేశాను. ఇక్కడికొచ్చాక వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ ప్యాకింగ్. నడుం పోతోంది, పైగా ఏజెన్సీ వాళ్ళు ఏ రోజు రావద్దంటారో తెలీదు.

పోయిన చలికాలం మా మామగారు మా దగ్గరకి వచ్చినప్పుడు నిమోనియా చేసి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు (విజిటర్ ఇన్సూరెన్స్ ఉండబట్టి బతికిపోయాం, లేకపోతే ఆ బిల్లు కట్టడానికి ఖమ్మంలో ఇల్లు అమ్మాల్సి వచ్చేది). పక్కన నేనే ఉన్నాను. అక్కడ ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ మందులివ్వడం, డ్రెస్సింగ్ మార్చడం అన్నీ చూసేది. మీరు నర్సేనా అంటే ఆర్‌పీఎన్ (రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్స్) అంది, కాలేజీలో రెండేళ్ళ ప్రాక్టికల్ నర్సింగ్ డిప్లొమా, తను 40 దాటాక చేసిందట. అప్పటినుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది.

నా డౌట్లు ఏంటంటే, బయాలజీ కెమిస్ట్రీ పదో తరగతితోనే వదిలేసినదాన్ని, నాకు సీటిస్తారా? ముందు పీఎస్‌డబ్ల్యూ (పర్సనల్ సపోర్ట్ వర్కర్, స్నానం, తిండి లాంటి రోజువారీ పనుల్లో సాయం చేసేవాళ్ళు) కోర్సు చేసి తర్వాత ఇది చెయ్యమని కొందరంటున్నారు, అవసరమా? ఇద్దరు పిల్లలతో కుదిరే పనేనా? మా అత్తగారైతే వీడియో కాల్‌లో "ముసలాళ్ళ డైపర్లు మార్చడానికా అంత దూరం పోయింది" అన్నారు. మా ఆయన ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

రాత్రి_డ్యూటీ:

సీటు వస్తుందండీ, కానీ సీఈసీ మెమోతో ఇప్పటికిప్పుడు రాదు. నేను ఆర్‌పీఎన్‌ని, మాది తెనాలి, నాదీ ఆర్ట్స్ గ్రూపే, 38 ఏళ్ళకి చేరాను. ఇక్కడ కాలేజీలు 12వ తరగతి ఇంగ్లిష్, మ్యాథ్స్‌తో పాటు బయాలజీ, కెమిస్ట్రీ కూడా అడుగుతాయి, ఏ స్థాయి కావాలన్నది కాలేజీని బట్టి కొంచెం మారుతుంది. అవి లేనివాళ్ళు కాలేజీలోనే ఒక ఏడాది ప్రీ-హెల్త్ సైన్సెస్ చెయ్యొచ్చు, లేదంటే స్కూల్ బోర్డుల వాళ్ళు పెద్దవాళ్ళకి నడిపే క్లాసుల్లో ఆ సబ్జెక్టులు మాత్రం రాసుకోవచ్చు. నేను సాయంత్రం క్లాసులకి వెళ్ళాను. మా అమ్మాయి అప్పుడు పదో క్లాసు, ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర పీరియాడిక్ టేబుల్ ముందేసుకుని కూర్చునేవాళ్ళం, దానికి నాకంటే ఎక్కువ వచ్చేది, ఆ మాట అది ఇప్పటికీ నన్ను వదలకుండా గుర్తుచేస్తుంది.

అప్లికేషన్ ఒంటారియో కాలేజెస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిబ్రవరి 1 లోపు వచ్చినవాటిని సమానంగా చూస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి సీట్లు మిగిలితేనే. మీకు దగ్గర కదా అని షెరిడాన్, హంబర్ రెంటితోనే ఆపకండి, పోటీ గట్టిగా ఉంటుంది, సెంటెనియల్, జార్జ్ బ్రౌన్ కూడా పెట్టండి. పీఆర్ కాబట్టి ఓసాప్‌కి (చదువుకి ఒంటారియో ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) అప్లై చెయ్యొచ్చు. చేరేముందు ఆ ప్రోగ్రామ్ సీఎన్‌ఓ ఆమోదించిన లిస్టులో ఉందో లేదో మాత్రం మీ కళ్ళతో మీరు చూసుకోండి, ఎవరో చెప్పారని ఫీజు కట్టకండి. అన్నట్టు సీఎన్‌ఓ అంటే కాలేజ్ ఆఫ్ నర్సెస్ ఆఫ్ ఒంటారియో, పేరులో కాలేజ్ అని ఉన్నా అక్కడ ఎవరూ పాఠాలు చెప్పరు, నర్సులకి రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ అది. మొదట్లో నేను అక్కడ సీటు దొరుకుతుందా అని ఒకావిడని అడిగి నవ్వులపాలయ్యాను.

ఇక మీ అత్తగారి మాట. నిజమే, డైపర్లు మారుస్తాం. మొదటి సెమిస్టర్‌లో స్నానం చేయించడం, పక్కకి తిప్పడం, నోరు శుభ్రం చెయ్యడం, ఇవే. కానీ చూసేది అప్పుడేనండీ. మంచాన పడ్డ మనిషికి నడుం కింద, పిరుదుల మధ్య ఎముక మీద చర్మం ఎర్రగా ఉంటే వేలితో నొక్కి చూస్తాం. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా తెల్లబడకపోతే అది పుండు మొదలైనట్టు, ఆ రోజు పట్టుకుంటే రెండు గంటలకోసారి పక్క మార్చి ఆపొచ్చు, వదిలేస్తే కొన్నాళ్ళకి ఎముక కనబడేంత గొయ్యి అవుతుంది. పైనుంచి దుప్పటి సర్ది వెళ్ళిపోయేవాళ్ళకి ఇది ఎప్పటికీ కనపడదు.

నేను చేసే లాంగ్ టర్మ్ కేర్‌లో (సొంతంగా ఉండలేని ముసలివాళ్ళని చూసుకునే హోం) ఒక తెలుగు మామ్మగారు ఉండేవారు. డిమెన్షియా, ముప్పై ఏళ్ళు ఇక్కడ మాట్లాడిన ఇంగ్లిష్ మొత్తం పోయి తెలుగొక్కటే మిగిలింది. మందులు ఉమ్మేస్తారు, మొండి అని ఛార్ట్‌లో రాసి ఉంది. నేను వెళ్ళి "ఏం మామ్మగారూ, మాత్ర వేసుకోరా" అంటే, "పరగడుపున మాత్రలేంటే, కాస్త ఏదైనా పెట్టు ముందు" అన్నారు. అంతే విషయం. రెండు బిస్కెట్లు పెట్టి ఇచ్చాను, వేసుకున్నారు. ఆ ఛార్ట్‌లో మొండి అన్న మాట కింద అసలు కారణం నేనే రాశాను.

పిల్లల సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు, క్లాసులు కుదురుతాయి, ప్లేస్‌మెంట్ (ఆస్పత్రిలోనో కేర్ హోంలోనో చేసే ట్రైనింగ్ డ్యూటీ) కుదరదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.

సగంలో_ఆగాను:

రాత్రి_డ్యూటీ గారు బాగా చెప్పారు కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను చెప్తున్నా. మాది హన్మకొండ, నేను మగవాణ్ణి, ఈ కోర్సులో చేరి మూడో సెమిస్టర్‌లో ఫెయిలయ్యాను.

చదువు రాక కాదు. ప్లేస్‌మెంట్ ఏడింటికి మొదలు, ఆరూ నలభై అయిదుకి యూనిఫామ్‌లో ఫ్లోర్ మీద ఉండాలి. నాకు వేసిన చోటు ఇంటినుంచి రెండు బస్సులు, కారు లేదు. జనవరిలో మంచు పడ్డ రోజు మొదటి బస్సే రాలేదు. అలా రెండుసార్లు లేటు, ఒకసారి జ్వరంతో సెలవు. ప్లేస్‌మెంట్ గంటలు తక్కువయ్యాయి, వాటిని మళ్ళీ పూర్తి చేసుకునే వీలు లేదన్నారు. మా ఇన్‌స్ట్రక్టర్ తీరు కూడా నాకు నచ్చలేదు, అది వేరే కథ, ఇక్కడొద్దు.

రెండోది మందుల లెక్కలు. దీంట్లో మామూలు పాస్ మార్కులు చాలవు, తప్పు డోసు అంటే తప్పే. లెక్క చూస్తే చిన్నదే, 1000 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్ మిల్లీలీటరుకి 15 చుక్కలు, నిమిషానికి ఎన్ని? 31. కాగితం మీద అందరికీ వస్తుంది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దున ఎనిమిదింటికి రాస్తే నాకు 310 వచ్చింది, నాకే అనుమానం రాలేదు. అందుకని అక్కా, ఇది చేరితే వేర్‌హౌస్ నైట్లు మానెయ్. వీకెండ్ ఏదైనా చేసుకో, నైట్లు మాత్రం వద్దు.

పీఎస్‌డబ్ల్యూ గురించి అడిగావు కదా. ఫెయిలయ్యాక నేను చేసింది అదే, కాలేజీలో రెండు సెమిస్టర్లు. ఇప్పుడు రెండేళ్ళుగా ఆ పనిలో ఉన్నా, పీఎస్‌డబ్ల్యూలని ప్రాక్టికల్ నర్సింగ్‌లోకి తీసుకునే దారి కొన్ని కాలేజీల్లో ఉంది, దానికి పెట్టాను. టైం వేస్ట్ అనను. కానీ నువ్వు ఎలాగూ సైన్సు సబ్జెక్టులు రాయాలి, దానికి ఏడాది, పీఎస్‌డబ్ల్యూకి ఇంకో ఏడాది అంటే అక్కడే రెండేళ్ళు అయిపోయాయి. ముసలివాళ్ళని చూసుకోవడం నీ వల్ల అవుతుందో లేదో తెలియకపోతే చెయ్యి. మామగారి పక్కన ఆరు రోజులు ఉన్నావంటే ఆ డౌట్ నీకు లేదనుకుంటా.

ఒంగోలు_జీఎన్ఎం:

నాది వేరే దారి, ఇండియాలో మూడేళ్ళ జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి వచ్చి ఇక్కడ ఆర్‌పీఎన్ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను. ఇక్కడ మళ్ళీ మొదటినుంచి కాలేజీలో చేరలేదు. ఈ పోస్ట్ చూసి ఇండియాలో నర్సింగ్ చదివినవాళ్ళెవరైనా కాలేజీ ఫీజు కట్టడానికి బయల్దేరితే దయచేసి ముందు సీఎన్‌ఓకి అప్లై చేసి మీ చదువుని ఎంతవరకు ఒప్పుకుంటారో చూసుకోండి.

ఆర్‌పీఎన్ రిజిస్ట్రేషన్‌కి రాసే పరీక్ష మాత్రం అందరికీ ఒకటే కాబట్టి అది చెప్తాను. 2022 జనవరి నుంచి ఒంటారియోలో ఆర్‌ఈఎక్స్-పీఎన్. కంప్యూటర్ మీద, 4 గంటలు, తక్కువలో తక్కువ 90 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. మీరు కరెక్ట్ కొడితే తర్వాతది కష్టంగా ఇస్తుంది, తప్పు చేస్తే కాస్త తేలిగ్గా. అందుకే అందరికీ పేపర్ చాలా కష్టంగా వచ్చిందనే అనిపిస్తుంది, ఏడుస్తూ బయటికొచ్చి పాసైనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మన బట్టీ ఇక్కడ పనికిరాదు. నాలుగు జవాబులూ సరైనవే ఉంటాయి, ఏది ముందు చేస్తావు అని అడుగుతాడు. డిగాక్సిన్ (గుండె మందు) ఇచ్చే ముందు నిమిషం పాటు గుండె లెక్కపెట్టాలని, 60 కంటే తక్కువుంటే ఆపాలని మనకి ఒంగోలులోనూ చెప్పారు. ఇక్కడ ఆపాక ఎవరికి చెప్తావు, ఏం రాస్తావు, ఈలోపు పేషెంట్‌లో ఏం చూస్తావు, అదంతా ప్రశ్నే.

ఇంకోటి, ఆర్‌పీఎన్, ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) ఒకటి కాదు. పరిస్థితి నిలకడగా ఉండి, ఏం జరుగుతుందో ఊహించగలిగే పేషెంట్లని ఆర్‌పీఎన్ సొంతంగా చూసుకుంటారు. పరిస్థితి గంట గంటకీ మారుతుంటే ఆర్ఎన్‌ని కలుపుకోవాలి, లేదా వాళ్ళకే అప్పగించాలి. ఆర్ఎన్‌కి ఒంటారియోలో 2005 నుంచి డిగ్రీ ఉండాలి. ఆర్‌పీఎన్ అయ్యాక బ్రిడ్జింగ్ కోర్సు చేసి అటు వెళ్ళొచ్చు, చాలామంది పని చేస్తూనే చేస్తున్నారు. మొదట్లోనే ఫుల్ టైం ఉద్యోగం వస్తుందని మాత్రం లెక్కలు వేసుకోకండి, ఎక్కువగా క్యాజువల్, పార్ట్ టైమే, ఫోన్ చేసినప్పుడల్లా వెళ్తూ సీనియారిటీ పెంచుకోవాలి. పండగలూ వీకెండ్లూ ఉండవు. మూడు సంక్రాంతులు నేను లాంగ్ టర్మ్ కేర్‌లోనే చేశాను.

బద్ధకం_బాబాయ్:

అమ్మాయ్, నడుం పోతోందని వేర్‌హౌస్ మానేసి నర్సింగ్‌కి వస్తున్నావు, ఇక్కడా పోయేది నడుమే తల్లీ. పెట్టెలు కదలకుండా ఉంటాయి, మనుషులు తన్నుతారు. పేషెంట్‌ని మంచం మీంచి లేపడానికి సీలింగ్ లిఫ్ట్ ఉంటుంది, లిఫ్ట్ దగ్గర ఇద్దరుండాలని రూలు కూడా ఉంటుంది, రెండో మనిషి కోసం పది నిమిషాలు ఆగే ఓపిక లేక ఒక్కళ్ళే లేపబోయి నా భార్య ఆరు వారాలు ఇంట్లో పడుకుంది. ఆగడం నేర్చుకో. చెప్పులు మంచివి కొనుక్కో.

ఖమ్మం_టు_బ్రాంప్టన్:

అందరికీ చాలా థాంక్స్. సగంలో_ఆగాను తమ్ముడూ, 310 చుక్కలు చదివి నవ్వాను, తర్వాత నేను నైట్ చేసొచ్చి పాలు ఫ్రిజ్‌లో కాకుండా గిన్నెల అల్మరాలో పెట్టిన రోజు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. కెమిస్ట్రీ సాయంత్రం క్లాసుకి పేరిచ్చాను, అది నడిస్తే బయాలజీ. వీకెండ్‌కి మార్చమని ఏజెన్సీకి చెప్పాను, ఇంకా ఏమీ తేల్చలేదు. అత్తగారికి ఎర్రబడ్డ చర్మం గురించి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, వాళ్ళమ్మ ఆఖర్లో అలాంటి పుండుతోనే పోయిందట, ఆ మాట మాకెవరికీ తెలీదు.

మా ఆయన నిన్న రాత్రి అన్నం తింటూ, "ప్లేస్‌మెంట్ ఏడింటికంటే పిల్లల్ని స్కూల్లో దింపేది నేనేనా" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టా కాదా?

రాత్రి_డ్యూటీ:

ఒప్పుకున్నట్టే. లంచ్ బాక్సులు కట్టడం ఇప్పటినుంచే అలవాటు చెయ్యండి, సెప్టెంబర్‌లో మొదలుపెడితే మా ఆయనలాగా ఇద్దరి డబ్బాల్లోనూ పెరుగన్నమే పెడతారు.