కేఎంఎల్ ఫైల్లో ప్లేస్‌మార్క్ ఉన్నా పైథాన్‌కు దొరకడం లేదు

బుడ్డలచేను, అనంతపురం:
గార్లదిన్నె, శింగనమల మండలాల బోర్ల పాయింట్లు గూగుల్ ఎర్త్ నుంచి కేఎంఎల్‌గా (మ్యాపు పాయింట్లు దాచే ఎక్స్ఎంఎల్ ఫైలు) సేవ్ చేసినవి ఉన్నాయి. ఒక్కో పాయింటు ఒక ప్లేస్‌మార్క్ ట్యాగులో ఉంది. పేరు, కోఆర్డినేట్లు తీసి సీఎస్‌వీలో వేయాలి. పైథాన్‌లో ఎక్స్ఎంఎల్ చదివే ఎలిమెంట్‌ట్రీలో చుక్క, రెండు స్లాష్‌లు పెట్టి ప్లేస్‌మార్క్ అని ఫైండాల్ చేస్తే ఖాళీ లిస్టు. ఫైండ్ చేసి టెక్స్ట్ అడిగితే నన్‌టైప్ ఎర్రర్. నోట్‌ప్యాడ్‌లో ట్యాగులు కళ్లెదుటే ఉన్నాయి. పైనున్న ఎక్స్ఎంఎల్ఎన్ఎస్ ముక్కలన్నీ రీజెక్స్‌తో తీసేస్తే కొన్ని ఫైళ్లు చదువుతోంది, కొన్నిటికి అన్‌బౌండ్ ప్రిఫిక్స్ అంటోంది. సరైన పద్ధతి చెప్పండన్నా.

కేసీకాలువ, కర్నూలు:
ఆ ముక్కల జోలికి పోవద్దప్పా. ఫైలు సరిగ్గానే ఉంది, మీరు అడిగే పేరే సగం. రూట్ ట్యాగ్ ప్రింట్ చేసి చూడండి: కర్లీ బ్రాకెట్లలో ఓపెన్‌జీఐఎస్ డాట్ నెట్ చిరునామా మొత్తం, చివర కేఎంఎల్/2.2, బ్రాకెట్ మూశాక కేఎంఎల్ అని వస్తుంది. ఈ చిరునామానే నేమ్‌స్పేస్ అంటారు, ట్యాగులకు ఇంటిపేరు లాంటిది; ఫైల్లో దాన్ని ప్రకటించేది ఎక్స్ఎంఎల్ఎన్ఎస్. ప్రిఫిక్స్ (ట్యాగు పేరు ముందు కోలన్‌తో వచ్చే పొట్టి పేరు) లేకుండా ప్రకటించిన నేమ్‌స్పేస్ లోపలి ట్యాగులకూ వర్తిస్తుంది. ప్లేస్‌మార్క్ పూర్తి పేరులోనూ ఆ చిరునామా ఉంటుంది.

ఒక డిక్షనరీ పెట్టుకోండి: కీ 'కె', విలువ ఆ చిరునామా. కీ మీ ఇష్టం, ఫైల్లో ఉండక్కర్లేదు. ఫైండాల్‌కు మీరు పెట్టిన చుక్క, రెండు స్లాష్‌ల తర్వాత 'కె:ప్లేస్‌మార్క్' అని రాసి, రెండో ఆర్గ్యుమెంట్‌గా డిక్షనరీ ఇవ్వండి. పార్సర్ (ఫైలు చదివే ప్రోగ్రాం) ఆ చిరునామాను నెట్‌లో తెరవదు, అక్షరం అక్షరం పోలుస్తుందంతే. హెచ్‌టీటీపీకి ఎస్ తగిలించినా, చివర ఒక స్లాష్ ఎక్కువైనా మళ్లీ ఖాళీ లిస్టే. దారిలో ప్రతి మెట్టుకూ ప్రిఫిక్స్ కావాలి: కె:పాయింట్/కె:కోఆర్డినేట్స్. చాలామంది రెండోదానికి మరిచిపోతారు.

విలువకు ఫైండ్‌టెక్స్ట్ వాడండి. ట్యాగే లేకపోతే నన్, ట్యాగ్ ఉండి లోపల ఏమీ లేకపోతే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. స్క్రిప్టు మధ్యలో కూలదు.

బోరు లోతు ఎక్స్‌టెండెడ్‌డేటాలో (అదనపు వివరాల ట్యాగు) ఉంటే డేటా ట్యాగుకు కె: పెట్టండి, దాని నేమ్ అట్రిబ్యూట్‌కు మాత్రం వద్దు. డిఫాల్ట్ నేమ్‌స్పేస్, అంటే ప్రిఫిక్స్ లేకుండా ప్రకటించినది, అట్రిబ్యూట్లకు అంటదు.

బుడ్డలచేను:
కొత్త ఫైళ్లన్నీ వచ్చేశాయి. పాత ఫైళ్లు ఇంకా ఖాళీయే.

గండికోట, కడప:
వాటి రూట్ ట్యాగ్ కూడా ప్రింట్ చేయండి. పాత గూగుల్ ఎర్త్ ఫైళ్లలో నేమ్‌స్పేస్ ఎర్త్ డాట్ గూగుల్ డాట్ కామ్‌తో మొదలై, 2.0 అనో 2.1 అనో ముగుస్తుంది. పార్సర్‌కు అది వేరే ఇంటిపేరు. పైథాన్ 3.8 నుంచి కర్లీ బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు * పెట్టి, బ్రాకెట్ మూశాక ట్యాగ్ పేరు రాస్తే ఏ నేమ్‌స్పేస్ అయినా పడుతుంది. నేమ్ తీసేటప్పుడు మాత్రం దీన్ని ప్లేస్‌మార్క్‌కు నేరుగా పిల్లలైన ట్యాగుల మీదే వాడండి. ఫైలంతా గాలిస్తూ నేమ్ అడిగితే, ఆథర్ వివరాలుంటే ఆటమ్ నేమ్‌స్పేస్‌లోని నేమ్ కూడా వచ్చి బోర్ల పేర్లలో కలుస్తుంది.

అన్‌బౌండ్ ప్రిఫిక్స్ వచ్చినవాటిలో జీఎక్స్: లాంటి ప్రిఫిక్స్ ఉన్న ట్యాగులు ఉంటాయి. ప్రకటన చెరిపేసి ప్రిఫిక్స్ వదిలేస్తే పార్సర్ ఫైలునే ఒప్పుకోదు. అసలు ఫైళ్లు ఉంటే వాటితోనే మళ్లీ మొదలుపెట్టండి.

కోఆర్డినేట్స్ టెక్స్ట్ చుట్టూ ఖాళీలు, కొత్త లైన్లు ఉండొచ్చు, స్ట్రిప్ చేసి కామా దగ్గర విడగొట్టండి. మొదట వచ్చేది రేఖాంశం: అనంతపురం దగ్గర 77.6, తర్వాత 14.6. సీఎస్‌వీ శీర్షికల్లో ఇవి తారుమారైతే మ్యాపులో మీ బోర్లన్నీ ఉత్తర ధ్రువం దిక్కున తేలతాయి.