అక్షరాలన్నీ వచ్చు, చదవడం మాత్రం రాదు

పర్లాకిమిడి తాత:
మనవరాలు ఒడియా బడిలో ఒకటో తరగతి, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు అక్షరాలు 26 పాటలా అప్పజెబుతుంది. సి, ఎ, టి పక్కపక్కన రాసి చదవమంటే ‘సీయేటీ’ అంటుంది. పేర్లు వద్దు, శబ్దాలు చెప్పమన్నాను. ‘కొ... ఆ... టొ’ అంది. బడిలో ‘క’ను దాదాపు ‘కొ’ అనే పలుకుతారు కదా! సరిదిద్దుదామని ‘క, అ, ట’ అన్నాను. ‘కఅట’ అని కలిపి, ‘అదేమిటి తాతా?’ అని నా ముఖం చూసింది. సవర పలుకులను చెవితో పట్టి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, మూడక్షరాల పిల్లి దగ్గర ఓడిపోయాను. ఎక్కడ తప్పుతున్నాను?

బరంపురం పంతులమ్మ:
తాతగారూ, పాపది ఒడియా తోక, మీది తెలుగు తోక. ఇద్దరూ హల్లుకు అచ్చు తగిలించారు. మనకు పొల్లు ఉంది కదా, అదే మందు: క్, ట్, ప్. ముందు సాగే శబ్దాలు చెప్పించండి. స్స్స్, మ్మ్మ్, న్న్న్ అంటూ ఊపిరి తెగకుండా పక్క శబ్దంలోకి జారవచ్చు. క్, ట్ సాగవు, చటుక్కున వదలాలి. ఏబీసీడీల వరుస పక్కన పెట్టి ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ పట్టుకోండి. ఈ ఆరింటితోనే పిన్, టిన్, ప్యాన్, ట్యాప్ వచ్చేస్తాయి. ఒక్క మాట, ‘క్యాట్’ అని తెలుగులో రాసి చూపకండి. అక్కడ యకారం లేదు. ‘వచ్చాడు’ అనేటప్పుడు ‘చ్చా’ దగ్గర నోరు పక్కలకు సాగుతుందే, ఆ అచ్చునే కురచగా పలికించండి.

రాయగడ నాన్న:
మా వాడు వ్యాన్‌ను ‘భ్యాన్’ అనేవాడు. తప్పు వాడిది కాదు, ఒడియాలో అలాగే రాస్తారు. అద్దం ముందు నిలబెట్టి, పైపళ్లు కింది పెదవికి ఆనించి ఊదమన్నాను. రెండు రోజులు అద్దం నిండా తుంపరలే. మూడో రోజు పలికాడు. పంతులమ్మగారూ, జి పక్కన ఓ పెడితే ‘గో’, డి పక్కన అదే ఓ పెడితే ‘డూ’ ఎందుకని అడుగుతున్నాడు. ఏం చెప్పను?

బరంపురం పంతులమ్మ:
అలాంటివి కొన్ని ఉంటాయి, చూపుతో గుర్తుపెట్టుకోమనండి. వాటి కోసం శబ్దాల పాఠం ఆపకండి.

పర్లాకిమిడి తాత:
వారం అయింది. వంటింట్లో డబ్బా మీది అక్షరాలు చూసి ‘ట్... ఇ... న్న్న్, టిన్!’ అని అరిచింది. వాళ్ల నానమ్మ గరిటె వదిలేసింది. కొత్త చిక్కు: ‘సీత’లో తకు నేను టి పక్కన హెచ్ పెట్టాను, బడిలో ఒట్టి టి చాలన్నారట. ఇప్పుడు పాపకు ఏది చెప్పాలి?