యంత్ర దేహంలోని పాత్రకి ‘వచ్చాడు’ రాయాలా, ‘వచ్చింది’ రాయాలా?

కలంపోటు:
ఒళ్లంతా పోయి మెదడొక్కటే మిగిలిన మనిషిని లోహపు దేహంలోకి మార్చారు. ఆడో మగో సగం కథ దాకా తెలియకూడదు. తెలుగులో సర్వనామం దాచినా క్రియ పట్టిచ్చేస్తోంది. అంతటా ‘వచ్చారు’ అంటే సరిపోతుందా?

అరసున్నా:
సరిపోదు. ‘వచ్చారు’ చూసి పాఠకుడు పెద్దాయననో ఆఫీసరనో ఊహిస్తాడు. పక్కన ఇంకొకరుంటే వచ్చింది ఒకరో ఇద్దరో తెలీదు. ‘నేను’ కథనం మేలు, ‘వచ్చాను’లో ఏమీ బయటపడదు. ‘వచ్చి’, ‘వస్తుంటే’, ‘వచ్చిన’ కూడా అంతే. గుట్టు బయటపడేది ఎదుటివాళ్ల పిలుపుల్లో: ఏరా, ఏమే, అక్కా, బావా. ‘నువ్వు’, ‘మీరు’తో భయం లేదు.

అసలు చిత్రం ‘వచ్చింది’లో ఉంది. వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పినట్టు స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తులా (జంతువులు, వస్తువుల మాటల్లా), బహువచనంలో మహత్తులా (మగవాళ్లని చెప్పే మాటల్లా) నడుస్తుంది. కాబట్టి ‘లేచింది’ ఆడమనిషికీ యంత్రానికీ ఒకటే. ‘ఆమె’ తీసేస్తే ఆ రెంటి మధ్య ఎంతసేపైనా ఊగించొచ్చు. ‘అది’ మాత్రం జాగ్రత్త, ఆడమనిషి గురించి అంటే ఈసడింపే.

ఇనుపకీలు:
వ్యాకరణం సగమే. ‘ఆరడుగులు, వెడల్పాటి భుజాలు’ అనగానే మగ, ‘సన్నటి వేళ్లు, మెత్తటి గొంతు’ అనగానే ఆడ. లింగం రాయకపోయినా రాసినట్టే. మొదటి పేరాలో ఆకారం వద్దు, పనితీరు చెప్పండి: మోకాలి మోటారు అరక్షణం ఆలస్యంగా కదలడం, వేళ్లకి ఒత్తిడి తెలియక గ్లాసు పగలడం. సైన్స్ ఫిక్షన్ రచయిత్రి సి.ఎల్. మూర్ 1944 నాటి ‘నో ఉమన్ బోర్న్’ కథలో లోహపు దేహంలో ఉన్న నర్తకి స్త్రీ అని దాచలేదు. ఆమె ఇంకా మనిషేనా అన్న గుంజాటనంతా చూసే మగవాళ్లకి అప్పజెప్పింది. దాచడం కన్నా ఇదే గట్టి పద్ధతి అంటాను.

కలంపోటు:
మరి మనిషా యంత్రమా అన్న సందేహం తెలుగులో ఎక్కడ పెట్టాలి?

అరసున్నా:
లెక్కల్లో. మెకానిక్ “షెడ్డులో మూడున్నాయి” అంటాడు. లోపలి గొంతు “ముగ్గురం ఉన్నాం” అని సరిదిద్దాలి. వివరణ అక్కర్లేదు. కథకుడు మాత్రం ఒకచోట ‘ఇద్దరు’, ఇంకోచోట పొరపాటున ‘రెండు’ అంటే పాఠకుడు దాన్ని సూచన అనుకుంటాడు. చిత్తుప్రతిలో ఒకటి, ఒకరు, రెండు, ఇద్దరు అన్నీ విడిగా వెతికి చూసుకోండి.