ఫ్రీసివ్‌లో యుద్ధం వద్దనుకునేవాళ్లకు రూల్ ఎట్లా పెట్టాలి?

సాగర్_ఎడమకాల్వ:
దోస్తులూ, నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లం కలిసి రోజుకు ఒక టర్న్ చొప్పున ఫ్రీసివ్ (నగరాలు కట్టి దేశాన్ని పెంచుకునే ఆన్‌లైన్ ఆట) ఆడుతున్నాం కదా, సర్వర్ నేనే చూసుకుంటున్నా. కొందరు మొదటి నుంచీ సైన్యం ఊసెత్తకుండా లైబ్రరీలు, మార్కెట్లు కట్టుకుంటూ చివరికి స్పేస్‌షిప్ పంపి గెలుద్దామని ఆడుతున్నారు. మొన్న రాత్రి అందులో ఒకరి నగరాలు రెండు పోయాయి. పోగొట్టుకున్నవాళ్లు ఆట మానేస్తామంటున్నారు, తీసుకున్నాయనేమో "గోడలు కట్టుకోకపోతే నేనేం చేయాలె" అంటున్నాడు. ఇద్దరి మాటా కొట్టేసేలా లేదు, అదే టెన్షన్. వచ్చే ఆటలో ముందే "శాంతి దేశం" అని చెప్పుకున్నవాళ్ల మీదికి ఎవరూ పోవద్దని రూల్ పెడదామా?

దేవరకొండ_కోట:
వద్దన్నా. ఆటలో ఉన్న సంధినే సగం మంది వాడట్లేదు, మళ్లీ పైనుంచి ఇంకో రూల్ ఎందుకు. మొదట్లో అందరం ఒకరితో ఒకరు యుద్ధంలో ఉన్నట్టే లెక్క, గమ్మున కూర్చుంటే శాంతి రాదు, అడిగి సంతకం పెట్టించుకోవాలి. శాంతి ఒప్పందం కుదిరాక 16 టర్న్‌లు గడిస్తే ఎదుటివాడి సైన్యం మన సరిహద్దులో అడుగు పెట్టలేదు. వాడు దాన్ని రద్దు చేసుకున్నా యుద్ధం మొదలవడానికి మళ్లీ 16 టర్న్‌లు ఆగాలి, మన లెక్కలో రెండు వారాలు దాటిపోతుంది. అన్ని రోజుల్లో నాలుగు గోడలు లేపుకోలేరా?

పాలమూరు_పోరడు:
ఒప్పందం మంచిదే గానీ ఎదుటివాడు సంతకం పెట్టనంటే ఏం చేస్తావ్? బలమున్నోడికి శాంతితో పనేముంది. నేను రక్షణ ఉండాలనే అంటా, కానీ ఫ్రీగా కాదు. సైబర్ నేషన్స్ అనే ఇంకో ఆన్‌లైన్ దేశాల ఆటలో పీస్ మోడ్ ఉండేది, అందులో ఉన్న దేశం మీద దాడి కుదరదు. బాగానే ఉంది కదా అనుకుంటే, పెద్ద కూటములు యుద్ధం రాగానే డబ్బున్న దేశాలను అందులో దాచి, ముందు కొట్లాడేవాళ్లకు వెనుకనుంచి సాయం పంపేవి. పేరుకు శాంతి, పనికి ఖజానా. అందుకే శాంతి దేశం నుంచి యుద్ధంలో ఉన్నవాడికి బంగారం గానీ టెక్నాలజీ గానీ పోయిందా, ఆ రోజే రక్షణ పోవాలి. దాంతోపాటు ఏదో ఒకటి కట్టాలి కూడా. మా గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టుకుంటూనే తమ ఊళ్లు తామే ఏలుకున్నాయి కదా, అట్లా రక్షణ తీసుకునేవాళ్లు పక్క దేశాలకు ఎంతో కొంత ముట్టజెప్పాలి.

మిర్యాలగూడ_వడ్లు:
ఆ రెండు నగరాలు నావే. నాకు కప్పం కట్టే రక్షణా వద్దు, జాలీ వద్దు. జరిగింది ఏందో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. ఆయన గుర్రాలను టర్న్ మారడానికి రెండు నిమిషాల ముందు నా ఊరి పక్కకు తెచ్చాడు, మారగానే అవే గుర్రాలతో కొట్టాడు. నేను పొద్దున లేచి చూసేసరికి అయిపోయింది. నా వంతు ఎక్కడుంది అందులో? గోడలు కట్టేవాళ్లు కూడా నిద్రపోతారు కదా. శాంతి దేశం, యుద్ధ దేశం అని తర్వాత పంచుకుందాం, ముందు ఈ గడియారం సంగతి చూడండి. సర్వర్‌లో యూనిట్‌వెయిట్‌టైమ్ అని సెట్టింగ్ ఉంది, దాన్ని పది గంటలు పెడితే ఒక టర్న్‌లో కదిలిన దళం, కదిలినప్పటి నుంచి పది గంటలు గడిచేదాకా తర్వాతి టర్న్‌లో కదలదు. నాకు ఆ పది గంటలు చాలు. ఆపైన కూడా ఓడిపోతే నోరెత్తను.

దేవరకొండ_కోట:
అక్కా, అట్లా డబుల్ మూవ్ చేశాడని నాకు తెలియదు. అది మాత్రం గెలుపు కాదు, అలారం పెట్టుకుని లేవడం. సెట్టింగ్‌కు నేనూ ఓకే.

పాలమూరు_పోరడు:
ఇంకోటి మరిచిపోతున్నారు. రక్షణలో ఉన్న దేశం స్పేస్‌షిప్ ఎగరేస్తే ఆపేదెట్లా? రాజధానిని పట్టుకుంటేనే కదా అది ఆగేది. తాకరాని దేశం గెలిచే హక్కు కూడా అడిగితే మిగతావాళ్లు ఆడేది ఎందుకు? లాంచ్ చేసిన టర్న్ నుంచి రక్షణ కట్ అని రాసుకోండి.

సాగర్_ఎడమకాల్వ:
సరే, యూనిట్‌వెయిట్‌టైమ్ ఈ ఆటలోనే పది గంటలు చేస్తున్నా, రేపటి టర్న్ నుంచి. లాంచ్ చేస్తే రక్షణ పోవడం కూడా న్యాయంగానే ఉంది. పేష్కష్ దగ్గర మాత్రం నాకు డౌటు, ఎంత కట్టాలో ఎవరు తేలుస్తారు? పక్కోడు రోజుకింత పెంచుకుంటూ పోతే అదే దోపిడీ అవుతుంది. దాని బదులు శాంతి దేశాలు కొత్త నగరాలు కట్టకూడదు, ఉన్నవాటితోనే సర్దుకోవాలి అంటే ఎట్లుంటది? భూమి మీద ఆశ ఉన్నోడు ఎట్లాగూ అందులో చేరడు. వడ్లు అక్కా, ముందు నీ మాటే కావాలి, నగరాలు మళ్లీ ఇప్పించడం నా చేతిలో లేదు కానీ ఆట మాత్రం మానకు.

మిర్యాలగూడ_వడ్లు:
మానను. కొత్త నగరాలు వద్దనే రూల్ మాత్రం తొందరపడి పెట్టొద్దు, చిన్న దీవిలో మొదలైనవాడు మూడు ఊళ్లతో ఏం చేస్తాడు? ఫలానా టర్న్ దాటాక కట్టకూడదు అనండి. ఏ టర్నో దేవరకొండ తమ్ముడిని చెప్పమనండి, లెక్కలు ఆయనకే బాగా వచ్చు.